శేషాచలపు చెట్లకు పేరు చెప్పినవారు

తిరుమలలో పాపవినాశనము దాటి, అడవిదారిన కొన్ని మైళ్లు కొండలు ఎక్కి దిగినచో తుంబురుతీర్థము వచ్చును. తక్కిన దినములలో ఆ దారి యాత్రికులకు మూసియుండును. ఫాల్గుణ పౌర్ణమికి ముక్కోటి పేరిట దానిని తెరతురు. ఒక యేడు మేమును ఆ జనముతో కలిసి నడచితిమి. తీర్థస్నానము మాకును ప్రియమే. కాని మా ముఖ్యాభిలాష వేరు. ఈ కొండలలోను, వీనిని ఆనుకొనియున్న కొండలలోను తప్ప లోకమున మఱెచ్చటను సహజముగా పెరుగని చెట్లు కొన్ని కలవు. వానిని వాని చోటనే చూడవలెనని మా కోరిక. చంకలో గ్యాంబుల్ వ్రాసిన మద్రాసు రాజధాని వృక్షవర్ణన గ్రంథము, చేతిలో ఒక నోటుపుస్తకము. చెట్టుచెట్టుకును ఆగుచుండుటచే మైలు నడవకమునుపే మేము గుంపునకు వెనుకబడితిమి.

అట్లు వెనుకబడినవారిలో పులిహోర మూట మోసికొని మెల్లగా నడచుచున్న ఒక వృద్ధుడు మాకు జోడయ్యెను. కొండ క్రింది పల్లె ఆయనది. చిన్ననాట తేనెకును, కుంకుడుకాయలకును, అడవిపండ్లకును ఈ లోయలన్నియు తిరిగినవాడు. మేమొక చెట్టును చూపుటయే తడవు, పేరు చెప్పును. పేరుతో ఊరకుండడు. దాని ఆకు మేక తినునో తినదో, కట్టె పొగయునో పొగయదో, బెరడు ఏ నొప్పికి అరగదీసి పూయుదురో, అదియు చెప్పును.

“ఇది మొగి సామీ. పండ్లు బాగుంటాయి, కోతులు మనకు మిగిలిస్తే.”

మేము పుటలు తిప్పి చూడగా మొగి అచ్చటనే యున్నది. నేరేడు కుటుంబమునకు చెందినది. ఆకులు కాడకు ఎదురెదురుగా కాక ఒకటి విడిచి యొకటిగా నుండుటచే దానికి లాటిన్‌లో ఆ గుర్తునే పేరుగా పెట్టిరి. మేము ఆ సంగతి చదివి వినిపింపగా ఆయన నిలిచిపోయి, “పుస్తకంలో వుండేదానికి నన్నెందుకు సామీ అడగతారు?” అనెను.

మాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆ పేరు ఆ పుస్తకములోనికి ఎట్లు వచ్చెనను ప్రశ్న మాత్రము అప్పటినుండి మమ్ము విడువలేదు. నేటి ప్రసంగము ఆ ప్రశ్నను గూర్చియే.

ఎఱ్ఱచందనముతో మొదలిడుట న్యాయము. ఆ యుదయము అలిపిరి మెట్లదారిన కొండ ఎక్కునపుడు క్రిందివాలులలో దానిని చూచితిమి. ఆకు రాల్చి నిలిచియుండెను. అయినను గుర్తించుట కష్టము కాదు. నల్లని బెరడు మొసలితోలువలె పలకలు పలకలుగా చీలియుండును. కాసువలె గుండ్రనై, చుట్టును రెక్కవంటి అంచు గల ఎండుకాయలు కొన్ని ఇంకను కొమ్మలనే యుండెను. నీరు నిలువని రాతినేల, మండుటెండ, అంతంత మాత్రపు వాన: ఇట్టిచోటనే దానికి చేవ కట్టును. ఆ చేవ నీట వేసిన మునుగును. దాని ఎఱుపు నీటిలో కరగదు, సారాయిలో కరగును.

కట్టెగా అది లోకమునకు పాతసరుకే. మధ్యయుగములలో ఐరోపా వంటవారు వంటకములకు రంగు తెచ్చుటకు ఎఱ్ఱచందనపు పొడి వాడిరి. జపానువారు షామిసెన్ అను తంత్రీవాద్యమునకు మెడను దానితో చేయుదురు. కట్టె ఓడలెక్కి ఖండములు తిరిగెను గాని, అది ఏ చెట్టుదో, ఆ చెట్టు ఎట్లుండునో ఐరోపా పండితులకు నిశ్చయముగా తెలియుటకు పదునెనిమిదవ శతాబ్దము రావలసివచ్చెను. 1782లో లిన్నేయస్ కుమారుడు వెలువరించిన అనుబంధ గ్రంథములో దానికి టెరోకార్పస్ శాంటాలినస్ అను శాస్త్రీయనామము దొరకెను. ఆ గ్రంథమునకు మన దేశపు మొక్కల సమాచారమును సమకూర్చినవారిలో ముఖ్యుడు యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్.

ఈ కోనిగ్ బాల్టిక్ తీరమునందలి లివోనియావాడు, పెద్ద లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిషు మిషనుకు వైద్యుడై వచ్చెను. పిమ్మట ఆర్కాటు నవాబు కొలువునను, ఆపైన ఈస్టిండియా కంపెనీ కొలువునను చేరెను. వైద్యము పేరునకు, మొక్కలు ఏరుట ప్రాణము. 1785లో కాకినాడను అంటియున్న జగన్నాథపురమున మరణించెను. అనగా మన వృక్షములను తొలుత శాస్త్రీయముగా వర్ణించిన లిన్నేయస్ శిష్యుని శరీరము కలిసినది తెలుగు మట్టిలోనే. ఈ సంగతి కాకినాడవారిలో ఎందఱికి తెలియునో!

కోనిగ్ తరువాత కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుని పదవి విశాఖపట్టణముననున్న వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్‌కు వచ్చెను. ఈయన పేరు నేడు మొక్కలకంటె పాములతో ముడిపడియున్నది. 1796లో ఆయన అచ్చువేయించిన సర్పగ్రంథములో పాముల పేర్లన్నియు మనవారు చెప్పినవి చెప్పినట్లే, ఇంగ్లీషు లిపిలో, చిత్రవిచిత్రమైన వర్ణక్రమముతో నున్నవి. అందులో ‘బంగారు పాము’ ఒకటి. ఆ మాటను పట్టుకొని 1803లో డోడెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కట్లపాముల ప్రజాతికంతకును బంగారస్ అని పేరు పెట్టెను. నేడు ఏ దేశపు విషవైద్యుడైనను కట్లపామును తలచినప్పుడెల్ల ఒక తెలుగుమాట పలుకుచున్నాడు. ప్రసంగమునకు ఇది కొంచెము పక్కదారి. కాని మొక్కల విషయమునను ఇట్టిదే జరిగినది.

ఆ కథ విలియం రాక్స్‌బరోది. స్కాట్లండునుండి 1776లో మద్రాసుకు వచ్చిన ఈ వైద్యుడు 1781లో సామర్లకోటకు మారి, అచ్చట పండ్రెండేండ్లు గడపెను. తోట వేసెను. మిరియము, నీలి, పట్టుపురుగులకై మల్బరీ సాగుచేసి చూచెను. కంపెనీవారికి వృక్షశాస్త్రముపై భక్తి కుదిరి ఇంత వ్యయమునకు ఒప్పుకొనిరని అనుకొనరాదు. ఏ మొక్క అమ్మిన ఎంత వచ్చునను లెక్కయే వారిది. రాక్స్‌బరో అభిలాష అంతటితో ఆగలేదు. కనుపించిన ప్రతి మొక్కకును వర్ణన వ్రాసికొని, స్వదేశ చిత్రకారులచే ఉన్నదున్నట్లు బొమ్మ వేయించెను. వానిలో ఏరిన 300 పటములు ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను పేర మూడు పెద్ద సంపుటములుగా లండనులో అచ్చయినవి. మొదటిది 1795లో మొదలయ్యెను, కడపటిది ఆయన పోయిన తరువాత వెలువడెను.

ఆ సంపుటములలో మొక్కల వర్ణనలను చూడుడు. లాటిన్ నామము వెంట ఇంగ్లీషు లిపిలో మన పేరు వచ్చును. ‘తెలింగులు దీని నిట్లందురు’ అను తీరున. మోదుగయు అట్లే వచ్చినది. వైద్యులు, వర్తకులు ఆ మొక్కను మరల కనుగొనవలెనన్న, అడవిలో నిలిచి లాటిన్ పలికిన లాభమేమి? ఆ పేరుతో అడిగిననే చూపువాడు దొరకును.

వానిలో ఒకటి సోమిద. రాజమహేంద్రవరపు సర్కారు కొండలలో రాక్స్‌బరోకు ఇది కంటబడెను. శేషాచలపు వాలులలోను కలదు. ఎఱ్ఱని గట్టికట్టె, చేదు బెరడు. ఆ బెరడు కషాయమును మనవారు జ్వరములకు ఇచ్చుచుండిరి. ఆ కాలమున మలేరియాకు దక్షిణ అమెరికానుండి వచ్చు సింకోనా బెరడు తప్ప గతి లేదు. అదియు మిక్కిలి ఖరీదు. దానికి బదులు సోమిద పనికివచ్చునేమో యని రాక్స్‌బరో ఆశించి, బెరడును స్వదేశమునకు పంపి పరీక్షింపజేసెను. చెట్టుకు జ్వరహరమను అర్థమిచ్చు విశేషణము పెట్టెను. సింకోనాకు అది సాటి రాలేదు. కాని 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆద్రియన్ ద జుస్య్యూ ఆ చెట్టు మహాగని ప్రజాతిలో ఇమడదని తేల్చి, దానికై వేఱొక ప్రజాతిని ఏర్పఱచినపుడు, పేరునకు వెదకుకొనవలసిన పని లేకపోయెను. సోయ్మిడా! ఇప్పటికిని దాని శాస్త్రీయనామము అదియే.

మాకు ఆశ్చర్యము గొలుపునది ఇది: ఆ పదమును రాక్స్‌బరో చెవిని వేసినవాడు ఒకడుండెను గదా? సామర్లకోట వైద్యునికి కొండదారి చూపి, “ఇది సోమిద, జ్వరానికి ఇస్తాం” అని చెప్పినవాడు. వాని మాట పారిసు వఱకు పోయి స్థిరపడెను. వాని పేరు సామర్లకోటలోనే పోయెను. బొమ్మలు వేసిన చిత్రకారుల పేర్లును ఆ మూడు సంపుటములలో కానరావు.

చిత్రకారుల విషయమున తరువాత ఒకడు కొంత న్యాయము చేసెను. 1819లో మద్రాసునకు వచ్చిన రాబర్ట్ వైట్ తనకు బొమ్మలు వేసిన రంగయ్య, గోవిందుల పేర్లను పటముల అడుగున అచ్చువేయించెను. అంతియే కాదు, 1853లో ఒక చిన్న ఆర్కిడ్ మొక్కకు గోవిందు పేరుమీదుగా గోవిందూయియా అని ప్రజాతినామము పెట్టెను. మన మొగిని శాస్త్రలోకమునకు పరిచయము చేసినవాడును ఈ వైటే. సంతసింపవలసినదే, కాని వెనుకటి పండితులు ఆ ఆర్కిడ్ ప్రత్యేకమైన ప్రజాతి కాదని తేల్చి, దానిని మఱియొకదానిలో కలిపివేసిరి. శాస్త్రమునకు అది తప్పనిసరి దిద్దుబాటు. గోవిందు పేరు మాత్రము మరల పాతకాగితములలోనికి పోయెను.

ఇక మా నడకకు వత్తము. పొద్దెక్కుచుండెను. ఫాల్గుణమున ఈ అడవి బోడిగా కనుపించును. అయినను అక్కడక్కడ ఆకులేని కొమ్మలపై కొండగోగు పసుపుపచ్చని పూలు, మోదుగ నిప్పుపూలు. ఒక మలుపు తిరుగగానే కాలిన గడ్డివాలు ఒకటి ఎదురయ్యెను. ఆ నల్లని బూడిదనుండి ఈతమొక్కవలె పొట్టిగా, ఆకులు కిరీటమువలె విప్పుకొని లేచియున్న మొక్కలు నాలుగైదు. మొద్దులు కమిలి బొగ్గువలె నున్నవి. నెత్తిన ఆకు మాత్రము పచ్చగా నున్నది.

“పేరిత” అనెను ఆయన.

మేము వెదకి వచ్చినది దీనికే. ఈత కాదు, తాటిజాతి కాదు, సైకాస్. లోకమున పూలమొక్కలు పుట్టకమునుపే పుట్టిన వంశము దీనిది. దీనికి పువ్వు లేదు, కాయ లేదు. మగమొక్కకు కంకి, ఆడమొక్కకు ఆకుల అంచున విత్తనములు. మద్రాసు అడవిశాఖకు 1860నుండి 1882వఱకు అధిపతిగా నున్న రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ కడపమండలపు కొండలలో దీనిని సేకరించెను. 1883లో లండను క్యూ తోటకు చెందిన థిసెల్టన్ డయ్యర్ దీనిని కొత్తజాతిగా వర్ణించి, బెడ్డోమ్ పేరు పెట్టెను. బెడ్డోమ్ గొప్ప నడకరి. ఆయన పుస్తకములలోని చెట్లు, ఫెర్నులు, బల్లులు, కప్పలు ఇంటికూర్చుని వ్రాసినవి కావు. ఆయనకు ఆ గౌరవము తగును.

ఏటేట వచ్చు గడ్డిమంటకు ఈ మొక్క చావదు. దానికి కీడు మఱియొకచోటనుండి వచ్చినది. మగకంకిని మదనమస్తు అను పేరుతో బలమునకు మందుగా అమ్ముదురు. కంకిని కోసినపుడు పుప్పొడి పోవును. పుప్పొడి లేక ఆడమొక్కకు విత్తు కట్టదు. అసలే కొద్దిపాటి కొండలకు పరిమితమైన జాతి. అందుచే అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒడంబడికలో దీనిని అత్యంత కఠినమైన మొదటి అనుబంధమునందు చేర్చిరి. ఎఱ్ఱచందనము 1995నుండి రెండవ అనుబంధమున నున్నది. అయినను దొంగనఱకుడు ఆగలేదు. మెట్లదారి క్రిందుగా మేము చూచిన చెట్లలో లావుపాటివి మిక్కిలి తక్కువ.

“మా నాయన కాలంలో దీని కంకి ఎవురూ కోసేవాళ్లు కాదు సామీ. కొనేవాళ్లు వచ్చినంక కోసినారు,” అని ఆయన చెప్పెను. నేనును కోసితినని గాని, కోయలేదని గాని చెప్పలేదు. మేమును అడుగలేదు.

అచ్చటినుండి దారి లోయలోనికి దిగును. దిగిన కొలది చెట్లు మారును. ఎండ పడు రాతివాలుమీద ఆకు రాల్చు జాతులు. నీడయు తేమయు గల లోతున ఏడాది పొడుగున పచ్చగా నుండు జాతులు. ఒకే కొండపై నాలుగు ఫర్లాంగుల నడకలో రెండు అడవులు చూచుట ఎవరికైనను విందు. ఆ దిగుడులో ఒక రాతికొనమీద నునుపైన బెరడు కాగితమువలె పొరలు లేచిన చెట్టు నొకదానిని ఆయన చూపెను. బెరడును గోటితో గీరి మా ముక్కు దగ్గఱ పెట్టెను. సాంబ్రాణి వాసన.

“గుగ్గిలం. అందుగు వేరే, ఇది వేరే. అందుగు ఆకు అంచు రంపమాదిరి వుంటుంది. దీని ఆకు కోడిగుడ్డు మాదిరి.”

క్రింద రాలిన ఎండు చిరుటాకులను ఏరి చూచితిమి. నిజమే, గుడ్డు ఆకారమున నున్నవి. గ్యాంబుల్ పుస్తకమున వెదకితిమి, లేదు. లేకుండుట మాకు తెలిసిన సంగతియే గాని, ఆ చెట్టు ఎదుట నిలిచి పుటలు తిప్పినపుడు దాని బరువు వేఱుగా తోచెను. 1915లో మొదలై, 1925లో గ్యాంబుల్ మరణించిన తరువాత ఫిషర్ చేతిలో 1936కు ముగిసిన ఆ మహాగ్రంథమున ఈ చెట్టు లేదు. 1961లో గాని భారత వృక్షపరిశోధక సంస్థకు చెందిన బాలకృష్ణన్, హెన్రీ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు ఇది అందుగు కాదనియు, శాస్త్రమునకు కొత్తదనియు ప్రకటింపలేదు. వారు పెట్టిన బాస్వెల్లియా ఓవాలిఫోలియోలాటా అను పేరునకు అర్థము గుడ్డువంటి చిరుటాకులు కలదని! తిరుపతి పేరనే పిలువబడు పింపినెల్లా అను మఱియొక మొక్కయు, ఇచ్చటివారు కొండకొత్తిమీర యనునది, ఈ కొండల ప్రత్యేక సంపదయే.

ఇందులో శాస్త్రజ్ఞులను తక్కువచేయు ఉద్దేశము మాకు లేదు. ఒక చెట్టు కొత్తదని చెప్పుటకు దానిని లోకమందలి దాని బంధువులన్నిటితో పోల్చి చూడవలెను. ఆ పని ఎండుమొక్కలు దాచిన భాండారమున కూర్చుండి చేయునది. అడవి తిరుగువాడు చేయజాలడు. కాని లక్షలాది యాత్రికులు శతాబ్దములుగా నడచు కొండమీది చెట్టు 1961వఱకు శాస్త్రమునకు తెలియలేదు. కొండ క్రింది పల్లెవానికి తెలియును, అందుగునుండి దానిని వేఱు చేయు గుర్తుతో సహా. ఆ గుర్తు ఆయన తన నాయనవద్ద నేర్చెను.

ఇట్టి వాడుకపేర్లను కూర్చు ప్రయత్నము కొంత జరుగకపోలేదు. 1915లో లషింగ్టన్ అను అడవి అధికారి మద్రాసు రాజధానిలోని చెట్లకు, పొదలకు, తీగలకు దేశభాషలలోని పేర్లపట్టిక నొకదానిని ప్రకటించెను. మిక్కిలి ఉపయోగకరమైనది. కాని పట్టికలో ఎక్కినది పేరు మాత్రమే. పేరుతో వచ్చు తక్కిన జ్ఞానము, పశువు తినునా, పొగయునా, ఏ నెలలో వేరు త్రవ్వవలెను అనునది, పట్టికలో ఇమడదు. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానము, 2010లో సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల శేషాచల జీవావరణ రక్షితప్రాంతము ఏర్పడినవి. చెట్లకు అది మేలే. అడవి మూసినచో, అడవిలో తిరిగి నేర్చుకొను పిల్లలును తగ్గుదురు. రెండును నిజమే. ఈ చిక్కును విప్పు ఉపాయము మాకు తోచలేదు. ఆయన మనుమలు ఇద్దఱు తిరుపతిలో ఆటోలు నడపుచున్నారట. ఈ చెట్లలో వారికెన్ని తెలియునని అడిగితిమి. “వేప తెలుసు,” అని నవ్వెను.

తుంబురుతీర్థము రెండు నిలువు కొండచఱియల నడుమ సన్నని లోయ. మధ్యాహ్నమునను చల్లగా నుండును. స్నానము చేసి, ఆయన మూటలోని పులిహోరలో మాకును పాలు దొరకగా తిని, తిరుగుదారి పట్టితిమి. దారిలో ఆయనతో, “మీరు చెప్పిన సంగతులు రేడియోలో చెప్పుదుము. మీ పేరు కూడ చెప్పుదుమా?” అని అడిగితిమి. కోనిగునకు, రాక్స్‌బరోకు దారి చూపినవారికి జరిగినది ఈయనకు జరుగరాదని మా ఉద్దేశము. ఆయన గట్టిగా వలదనెను. అడవిలో ఏమేమి తిన్నాడో, ఏమేమి తెచ్చినాడో ఊరందఱికి తెలిసిన, రేపు ఎవరేమి అడుగుదురోనని ఆయన భయము. ఆ భయమునకు కారణము లేకపోలేదు. అందుచే ఈ ప్రసంగమునందును ఆయన పేరు లేదు.

పాపవినాశనము చేరినపుడు చీకటి పడుచుండెను. ఆయనకు చదువురాదు. మా నోటుపుస్తకము చూపి, “వ్రాసుకునింది ఒకసారి చదవండి,” అనెను. దీపస్తంభము క్రింద నిలిచి 47 పేర్లును చదివితిమి. రెండింటికి ఉచ్చారణ దిద్దెను. పదునొకండవ పేరును, ముప్పదిరెండవ పేరును మరల చదువుమని, “ఈ రెండూ ఒకటే చెట్టు సామీ. లేతది అట్లా వుంటుంది, ముదిరినంక ఇట్లా అవుతుంది. మీరు రెండుసార్లు అడిగినారు, నేను రెండు పేర్లు చెప్తిని,” అనెను. మేము ముప్పదిరెండవదానిని కొట్టివేసి, పదునొకండవదాని ప్రక్కన రెండవ పేరు చేర్చితిమి. పట్టిక 46కు వచ్చెను.